గుండెపోటులో షాక్: ఇంటివారు ఎలా గుర్తించాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి, ఆసుపత్రిలో ఏం అడగాలి

గుండెపోటు వచ్చిన మనిషి చేయి పట్టుకుంటే చల్లగా, జిగటగా తగిలితే, పిలిచిన పిలుపుకు కాస్త ఆలస్యంగా పలికితే, పొద్దుటి నుంచి మూత్రానికే వెళ్లలేదన్న సంగతి ఇంట్లోవాళ్లకు అప్పుడు గుర్తుకొస్తే, ఆ మనిషి మామూలు గుండెపోటు దాటి షాక్‌లోకి జారుతున్నాడని అనుకోవాలి. వైద్యులు దీన్ని కార్డియోజెనిక్ షాక్ అంటారు. షాక్ అనగానే చాలామందికి కరెంటు షాకో, చెడువార్త విన్నప్పటి దిగ్భ్రాంతో గుర్తుకొస్తుంది గాని, ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. గుండె తోడి పంపే రక్తం బాగా తగ్గిపోయి, మెదడు, మూత్రపిండాలు, కాలేయం, పేగులు తమకు కావలసినంత ప్రాణవాయువు అందక ఒక్కొక్కటిగా పని మానేసే స్థితి ఇది. గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చేవారిలో సుమారు 5 నుంచి 10 శాతం మందికి ఇది వస్తుంది. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరాక సంభవించే మరణాలకు ఇదే ప్రధాన కారణం.

ఐసీయూలో పనిచేసిన వైద్యుడిగా ఈ వ్యాసాన్ని రోగి పక్కన ఉండేవారి కోసం రాస్తున్నాను. ఈ జబ్బులో ఏ మందు వాడామన్నదాని కన్నా మూసుకుపోయిన రక్తనాళాన్ని ఎంత తొందరగా తెరిచామన్నదే ప్రాణాన్ని నిలబెడుతుంది. ఆ మొదటి గంటలు వైద్యుడి చేతికి రాకముందు ఇంటివారి చేతుల్లోనే ఖర్చయిపోతాయి.

బీపీ అంకెను నమ్ముకోకండి

గుండెకు రక్తం తెచ్చే ధమనుల్లో ఒకటి గడ్డ కట్టి మూసుకుపోతే, దాని మీద ఆధారపడిన కండరం నిమిషాల్లో కదలడం మానేస్తుంది, గంటల్లో చచ్చిపోతుంది. షాక్‌తో చనిపోయినవారి గుండెలను పరీక్షించినప్పుడు ఎడమ జఠరికలో, అంటే ఒళ్లంతటికీ రక్తం తోసే గుండె గదిలో, దాదాపు 40 శాతం, అంతకు మించి కండరం దెబ్బతిని ఉండటం 1970ల మొదట్లోనే గమనించారు. అంత కండరం పోయాక గుండె తగినంత రక్తం తోడలేదు. తోడలేకపోతే బీపీ పడిపోతుంది. బీపీ పడిపోతే గుండె ధమనుల్లోకే రక్తం సరిగా వెళ్లదు, దానితో మిగిలిన మంచి కండరం కూడా నీరసిస్తుంది. ఇలా ఒకదాన్నొకటి కిందికి లాగే వలయంలో రోగి చిక్కుకుంటాడు.

అయితే శరీరం అంత తేలిగ్గా ఓడిపోదు. బీపీ నిలబెట్టుకోవడానికి చేతులకూ కాళ్లకూ చర్మానికీ వెళ్లే రక్తనాళాలను బిగించేసి, ఉన్న కాస్త రక్తాన్ని మెదడుకీ గుండెకీ మళ్లిస్తుంది. అందువల్ల కొంతసేపటి దాకా బీపీ మిషన్ మీద అంకె ఫరవాలేదనిపించేలా ఉంటుంది, కానీ చేతులూ కాళ్లూ చల్లబడిపోతాయి. పై అంకె 90 కన్నా తక్కువగా అరగంట పాటు ఉండటం, లేదా దాన్ని 90 దాటించడానికి మందు అవసరం కావడం షాక్‌కు వైద్యులు చెప్పే కొలత. ఆ కొలత దాకా ఎదురుచూసిన ఇంటివారు అప్పటికే ఆలస్యం చేసినట్టే.

ఒక సాయంత్రం, అరవై దాటిన ఒకావిడను ఆమె కొడుకులు తీసుకొచ్చారు. ఇరవై ఏళ్లుగా మధుమేహం. ఛాతీలో నొప్పి లేదు. పొద్దుటి నుంచి నీరసం, ఒక వాంతి, ఒళ్లంతా చెమట. షుగర్ పడిపోయిందేమోనని పంచదార నీళ్లు తాగించారు, తర్వాత వీధి చివరి క్లినిక్‌లో సెలైన్ ఎక్కించారు, అలా నాలుగు గంటలు గడిచిపోయాయి. మానిటర్ మీద 98/80 చూసి పెద్దబ్బాయి, "బీపీ బాగానే ఉంది కదండీ డాక్టరుగారూ" అన్నాడు. నేను ఆవిడ చూపుడువేలి గోరును ఐదు సెకన్లు గట్టిగా నొక్కి వదిలాను. తెల్లబడిన గోటిలోకి మళ్లీ ఎరుపు రావడానికి ఆరేడు సెకన్లు పట్టింది. "ఇప్పుడు మీ గోరు నొక్కి చూసుకోండి బాబూ" అన్నాను. రెండు సెకన్లు నిండకుండానే అతని గోరు రంగు తేరుకుంది. ఆ తేడా చూశాక అతనికి నేను వేరే ఏమీ చెప్పనవసరం లేకపోయింది.

ఆ 98/80 లోనే ఇంకో సంగతి దాగి ఉంది. పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా 18. ఈ తేడా పై అంకెలో నాలుగో వంతు కన్నా తక్కువగా ఉంటే, ఒక్కో కొట్టుకోలుకు గుండె తోసే రక్తం బాగా తగ్గిందన్న అనుమానం కలగాలి. దానికి తోడు నాడి 110 దాటి పరుగెత్తుతుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఇంట్లో బీపీ మిషన్ ఉన్నవారు రెండు అంకెలనూ, నాడినీ కాగితం మీద టైముతో సహా రాసి పెట్టుకుంటే, తర్వాత చూసే వైద్యుడికి అది ఎంతో పనికొస్తుంది.

మధుమేహం ఉన్నవారిలో, ముసలివారిలో, ఆడవారిలో గుండెపోటు నొప్పి లేకుండా కేవలం ఆయాసంగానో, చెమటగానో, వాంతిగానో రావచ్చని గుర్తుంచుకోండి. మధుమేహం ఉన్న మనిషికి చల్లని చెమట పడితే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. షుగర్ మామూలుగానే ఉంటే ఆ చెమటకు కారణం గుండె అయి ఉండవచ్చని భావించి కదలండి. గ్యాస్ అనుకుని సోడా, జీలకర్ర నీళ్లు, యాంటాసిడ్ తాగించి తగ్గుతుందేమోనని కూర్చోవడం వల్ల మన ఊళ్లలో పోయినంత సమయం మరి దేనివల్లా పోవడం నేను చూడలేదు.

ఇంట్లో మొదటి పది నిమిషాలు

మొదట 108కి ఫోన్ చేయండి. ఛాతీనొప్పి అని ఊరుకోకుండా, "గుండెపోటు అనుకుంటున్నాం, ఒళ్లు చల్లబడింది, మాట సరిగా రావడం లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. రోగిని నడిపించవద్దు. మెట్లు దిగవలసి వస్తే కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు పట్టుకుని దించాలి, ఎందుకంటే ఆ పదిహేను మెట్ల శ్రమ కూడా ఆ గుండె మోయలేదు. ఆయాసపడుతుంటే వెనక దిండ్లు పెట్టి సగం కూర్చున్నట్టుగా ఉంచండి. ఆయాసం లేకుండా కళ్లు తిరుగుతున్నాయంటుంటే పడుకోబెట్టండి. మత్తుగా ఉన్న మనిషి నోట్లో నీళ్లు గాని, కాఫీ గాని పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, కడుపులో పుండు నుంచి ఇటీవల రక్తస్రావం కాకపోయి ఉంటే, పూర్తి తెలివిలో ఉంటే, 300 నుంచి 325 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలి మింగించాలి. ఇంట్లో ఎకోస్ప్రిన్ 75 మాత్రమే ఉంటే నాలుగు మాత్రలు నమలాలి. నమలకుండా మింగితే పైపూత వల్ల అది పనిచేయడం ఆలస్యమవుతుంది. మూతి వంకర, చేయి పడిపోవడం లాంటి పక్షవాతం లక్షణాలుంటే మాత్రం ఇవ్వకండి.

సార్బిట్రేట్ విషయంలో చాలా జాగ్రత్త అవసరం. గుండెనొప్పి అంటే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టాలన్నది తెలుగు ఇళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. రక్తనాళాలను సడలించి బీపీని తగ్గించడమే ఆ మాత్ర చేసే పని. చేతులు చల్లబడి, పై అంకె 90కి దగ్గరలో ఉన్న మనిషికి అది ఇస్తే, శరీరం కష్టపడి నిలబెట్టుకున్న ఆ కొద్ది బీపీ కూడా కూలిపోతుంది. అంగస్తంభన మాత్రలు వాడినవారికైతే ఇంకా ప్రమాదం. సిల్డెనాఫిల్ వాడి 24 గంటలు, టాడలాఫిల్ వాడి 48 గంటలు గడవకుండా సార్బిట్రేట్ ఇవ్వకూడదు. ఇలాంటి సంగతి చెప్పుకోవడానికి ఇంట్లోవాళ్ల ముందు ఎవరైనా సిగ్గుపడతారు కాబట్టి, రోగిని పక్కకు వంగి మెల్లగా అడగండి.

అలాగే, రోజూ వేసుకునే బీపీ మాత్రలు ఆ పూట వేసుకోలేదని గుర్తొచ్చి అప్పుడు వేయకండి. గుండె వేగాన్నీ బీపీనీ తగ్గించే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు మామూలు రోజుల్లో గుండెకు మేలు చేసేవే. అయితే చైనాలో 45,852 మంది గుండెపోటు రోగుల మీద జరిపి 2005లో ప్రచురించిన కమిట్ అధ్యయనంలో, తొలి గంటల్లోనే ఈ మందును నరం ద్వారా మొదలుపెట్టినప్పుడు ప్రతి వెయ్యి మందిలో సుమారు 11 మందికి అదనంగా షాక్ వచ్చింది. ఏ మాత్రలు వేసుకున్నారో, ఎప్పుడు వేసుకున్నారో ఆ పట్టీలను సంచిలో వేసుకుని తీసుకెళ్లండి, ఏది కొనసాగించాలో అక్కడి వైద్యులు చెబుతారు.

మనిషి స్పృహ తప్పి ఊపిరి తీయకపోతే, లేదా అప్పుడొకటి అప్పుడొకటి ఎగశ్వాస మాత్రమే తీస్తుంటే, నేల మీద పడుకోబెట్టి ఛాతీ మధ్య ఎముక మీద రెండు చేతులతో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూ ఉండాలి. ఒకరు అలిసిపోతే రెండు నిమిషాలకొకసారి ఇంకొకరు అందుకోవాలి, కానీ నొక్కడం ఆగకూడదు.

ఏ ఆసుపత్రి

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. షాక్ లక్షణాలున్న గుండెపోటు రోగిని, వీలున్నంత వరకూ, 24 గంటలూ క్యాథ్ ల్యాబ్, అంటే సన్నని గొట్టం పంపి మూసుకుపోయిన గుండె నాళాన్ని తెరిచే గది, నడిచే ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్లాలి. క్యాథ్ ల్యాబ్ ఉందని బోర్డు మీద రాసి ఉంటే చాలదు, అర్ధరాత్రి రెండింటికి కూడా కార్డియాలజిస్టు, టెక్నీషియన్లు వస్తారా అన్నది తెలియాలి. మీ జిల్లాలో అలాంటివి ఏవి, మీ ఊరి నుంచి ఎంతసేపు పడుతుంది అన్నది ఆరోగ్యంగా ఉన్న రోజునే ఫోన్ చేసి కనుక్కుని, నంబరు గోడ మీద రాసి పెట్టుకోవలసిన విషయం.

ఇంత గట్టిగా చెప్పడానికి ఆధారం ఉంది. అమెరికాకు చెందిన డాక్టర్ జుడిత్ హాక్‌మన్ నాయకత్వంలో షాక్ రోగుల మీద జరిగిన, షాక్ అనే పేరే పెట్టిన అధ్యయనం 1999లో వెలువడింది. 302 మంది రోగుల్లో సగం మందికి వెంటనే యాంజియోప్లాస్టీ గాని, బైపాస్ ఆపరేషన్ గాని చేసి మూసుకుపోయిన నాళాలను తెరిచారు. మిగిలిన సగం మందిని మొదట మందులతో స్థిమితపరచడానికి చూశారు. నెల రోజుల నాటికి రెండు వర్గాల మధ్య తేడా తిరుగులేనిదిగా తేలలేదు. కానీ ఏడాది గడిచేసరికి మొదటి వర్గంలో 46.7 శాతం మంది, రెండో వర్గంలో 33.6 శాతం మంది బతికి ఉన్నారు. అంటే నూటికి 13 ప్రాణాలు. ఆరేళ్ల తర్వాత చూసినా ఆ తేడా చెక్కుచెదరలేదు. "ముందు బీపీ స్థిరపడనివ్వండి, రేపు చూద్దాం" అన్న మాట షాక్ రోగి విషయంలో ఎందుకు చెల్లదో ఈ అంకెలే చెబుతాయి. బీపీ స్థిరపడాలంటేనే నాళం తెరవాలి.

అలాంటి ఆసుపత్రి రెండు గంటలకు మించిన దూరంలో ఉంటే దారి వేరు. దగ్గరలో ఈసీజీ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగల ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో ముందు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి ప్రభుత్వ ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రుల గుండె నిపుణులతో కలిపే ఏర్పాటు ఉంది. ఈసీజీని ఫోన్‌లో చూసి అక్కడి నిపుణుడు సరేనంటే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇస్తారు. షాక్‌లో ఉన్నవారికి ఈ మందు మిగతా గుండెపోటు రోగులకు పనిచేసినంత బాగా పనిచేయదు, ఎందుకంటే మందును గడ్డ దాకా తోసుకుపోయే రక్తపు ఒత్తిడే తగ్గిపోయి ఉంటుంది. అయినా రెండు గంటల్లో క్యాథ్ ల్యాబ్ అందదన్నప్పుడు అది ఇవ్వడమే మేలు. ఇచ్చాక ఫలితం కోసం అక్కడే కాచుకుని కూర్చోకుండా రోగిని వెంటనే తరలించాలి. మొదటి ఆసుపత్రి గుమ్మం ఎక్కినప్పటి నుంచి అంబులెన్స్ బయలుదేరేదాకా 30 నిమిషాలు దాటకూడదన్నది వైద్య మార్గదర్శకాలు పెట్టిన లక్ష్యం.

తరలించేటప్పుడు మీరు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. అంబులెన్స్‌లో డీఫిబ్రిలేటర్, అంటే గుండె లయ తప్పితే కరెంటు షాకిచ్చి సరిచేసే యంత్రం, ఉందా? బీపీ మందు ఇన్ఫ్యూజన్ పంపులో నడుస్తోందా, దారిలో అయిపోతే మార్చడానికి ఇంకో సిరంజి సిద్ధంగా ఉందా? అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పారా? ఈసీజీని వాట్సాప్‌లో అటు పంపించమని అడగండి. అది చూసి వారు క్యాథ్ ల్యాబ్ సిద్ధం చేసుకుంటారు, రోగి అత్యవసర విభాగంలో మళ్లీ ఆగనవసరం లేకుండా పోతుంది. ఆరోగ్యశ్రీ కార్డు వెతుక్కుంటూ బయలుదేరడం ఆలస్యం చేయకండి. ఇంటి దగ్గర ఒకరిని ఉంచితే వారు వెతికి తీసుకొస్తారు, ఈలోగా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రతో మాట్లాడవచ్చు.

క్యాథ్ ల్యాబ్ తలుపు దగ్గర

సంతకాలు పెట్టించుకునే ఆ పది నిమిషాల్లో చాలా కుటుంబాలు తికమక పడతాయి. ఊళ్లో ఉన్న బాబాయి రావాలి, బెంగళూరులో ఉన్న అల్లుడితో మాట్లాడాలి, అమెరికాలో ఉన్న అమ్మాయిని అడగాలి అంటూ గంట గడుస్తుంది. ఎవరు నిర్ణయం తీసుకోవాలో దారిలోనే అనుకోండి. ఆ ఒక్క మనిషే వైద్యుడితో మాట్లాడాలి.

లోపలికి వెళ్లాక మూడు ధమనుల్లోనూ అడ్డంకులున్నాయని తెలియడం షాక్ రోగుల్లో సర్వసాధారణం. అన్నీ ఒకేసారి తెరిచేయమని ఇంటివారు ప్రాధేయపడతారు, అది సహజమే. కానీ జర్మనీకి చెందిన డాక్టర్ హోల్గర్ థీలే బృందం యూరప్‌లో జరిపి 2017లో ప్రచురించిన కల్ప్రిట్ షాక్ అధ్యయనం దీనికి విరుద్ధంగా చెప్పింది. గుండెపోటుకు కారణమైన ఒక్క నాళాన్ని మాత్రమే తెరిచినవారిలో నెల రోజుల్లో 43.3 శాతం మంది, అన్నీ ఒకేసారి తెరిచినవారిలో 51.5 శాతం మంది చనిపోయారు. మిగతా అడ్డంకుల సంగతి రోగి కోలుకున్నాక చూసుకోవచ్చు. కాబట్టి "ఒక్కటే స్టెంట్ వేశారేమిటి" అని బయట వైద్యుణ్ని నిలదీయవద్దు. అన్నీ ఇప్పుడే వేస్తామంటే మాత్రం ఎందుకో అడగండి.

దీనికి ముందో, దీనితో పాటో ఎకో పరీక్ష, అంటే గుండె స్కానింగ్, తప్పకుండా చేస్తారు. కొందరిలో షాక్‌కు కారణం కండరం బలహీనపడటం ఒక్కటే అయి ఉండదు. గుండె గదుల మధ్య గోడకు రంధ్రం పడటం, ఎడమవైపు గదుల మధ్య తలుపులాంటి మైట్రల్ కవాటాన్ని పట్టి ఉంచే కండరం తెగిపోవడం, గుండె బయటి గోడ చిట్లడం లాంటివి గుండెపోటు వచ్చిన మొదటి రోజు నుంచి వారం లోపు జరగవచ్చు. నిన్నటిదాకా బాగా ఉన్న మనిషి మూడో రోజున హఠాత్తుగా ఆయాసంతో కూలబడిపోతే ముందు అనుమానించవలసింది దీన్నే. వీటికి స్టెంట్ చాలదు, సర్జన్ కావాలి.

ఊపిరితిత్తులకు రక్తం పంపే కుడి జఠరిక దెబ్బతిన్నప్పుడు పరిస్థితి ఇంకొకలా ఉంటుంది. మెడనరాలు ఉబ్బి, ఊపిరితిత్తులు మాత్రం శుభ్రంగా ఉండి, బీపీ పడిపోతుంది. వీరికి కొలతగా సెలైన్ ఇస్తే మేలు జరుగుతుంది. అదే సెలైన్ ఎడమ జఠరిక దెబ్బతిని ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారికి ఇస్తే, వారిని లోపలి నుంచి నీటిలో ముంచినట్టవుతుంది. బీపీ తగ్గిందని వీధి క్లినిక్‌లో ఈసీజీ తీయకుండా సెలైన్ పెట్టించడం ఇందుకే ప్రమాదకరం.

ఐసీయూలో ఏం జరుగుతుంది

ఇప్పుడు రోగి చుట్టూ పంపులు, గొట్టాలు ఉంటాయి. నోర్‌అడ్రినలిన్ బీపీ నిలబెట్టే మొదటి మందు. నర్సులు దీన్ని నోరాడ్ అంటారు. ఒకప్పుడు డోపమిన్ ఎక్కువగా వాడేవారు. 1679 మంది షాక్ రోగుల మీద జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో డోపమిన్ ఇచ్చినవారిలో 24 శాతం మందికి, నోర్‌అడ్రినలిన్ ఇచ్చినవారిలో 12 శాతం మందికి గుండె లయ తప్పింది. వారిలో గుండె కారణంగా షాక్‌లోకి వెళ్లినవారిలోనైతే డోపమిన్ వాడినవారే ఎక్కువమంది చనిపోయారు. గుండె కండరం బిగువు పెంచడానికి డోబుటమిన్ జతచేస్తారు. ఈ మందులన్నీ అలసిన ఎద్దును అదిలించి నడిపించడం లాంటివి. బండి కదులుతుంది, ఎద్దు ఇంకా అలిసిపోతుంది. అందుకే వైద్యులు అవసరమైన అతి తక్కువ మోతాదుతో సరిపెట్టాలని చూస్తారు.

ఐసీయూ బయట ఉన్న మీరు రోజుకు రెండుసార్లు అడగవలసిన ప్రశ్నలు నాలుగే. నోరాడ్ మోతాదు నిన్నటికన్నా తగ్గిందా, పెరిగిందా? లాక్టేట్ ఎంత? గంటకు మూత్రం ఎంత వస్తోంది? పిలిస్తే పలుకుతున్నారా? లాక్టేట్ అనేది ప్రాణవాయువు అందని కణజాలం విడుదల చేసే పదార్థం. మామూలుగా 2 లోపే ఉంటుంది. అది ఆరు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి రెండుకు దిగుతుంటే అవయవాలకు రక్తం అందుతోందని అర్థం. మూత్రం గంటకు 30 మి.లీ. కన్నా తక్కువ వస్తే, అంటే రెండు పెద్ద చెంచాలంత కూడా రాకపోతే, మూత్రపిండాలకు రక్తం చాలడం లేదని తెలుస్తుంది. నేను ఐసీయూలోకి అడుగుపెట్టగానే మానిటర్ కన్నా ముందు మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగు వైపు చూసేవాణ్ని. అందులో గీత పైకి కదులుతుంటే మనసు కుదుటపడేది.

వెంటిలేటర్ పెట్టామంటే ఇక ఆశ లేదని మన వాళ్లలో ఒక నమ్మకం ఉంది. షాక్‌లో ఉన్న మనిషి ఊపిరి తీయడానికే ఉన్న కాస్త రక్తంలో పెద్ద వాటా ఖర్చు చేస్తుంటాడు. వెంటిలేటర్ ఆ పని అందుకుంటే ఆ రక్తం గుండెకూ మెదడుకూ మిగులుతుంది. కొందరికి రెండు మూడు రోజుల్లోనే గొట్టం తీసేస్తారు. ఎప్పుడు తీస్తారు, అందుకు ఏం మెరుగుపడాలి అని అడగడం మీ హక్కు.

యంత్రాల సంగతి వచ్చేసరికి ఖర్చు లక్షల్లోకి వెళుతుంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. బృహద్ధమనిలో ఉబ్బుతూ ముడుచుకుంటూ గుండెకు సాయపడే బెలూన్ పంపును దశాబ్దాల పాటు అందరికీ వాడారు. 2012లో 600 మందితో జరిగిన అధ్యయనంలో నెల రోజుల మరణాలు బెలూన్ పెట్టినవారిలో 39.7 శాతం, పెట్టనివారిలో 41.3 శాతం. తేడా లేనట్టే. ఇప్పుడు గోడకు రంధ్రం పడటం, కవాటం తెగడం లాంటి సందర్భాల్లో ఆపరేషన్ దాకా నిలబెట్టడానికే దీనికి ముఖ్యమైన చోటు. రక్తాన్ని బయటికి తీసి ప్రాణవాయువు కలిపి తిరిగి ఒంట్లోకి తోసే ఎక్మో యంత్రాన్ని షాక్‌లో ఉన్న ప్రతివారికీ తొలి గంటల్లోనే పెడితే మేలా అని 2023లో పరీక్షిస్తే, మరణాలు పెట్టినవారిలో 47.8 శాతం, పెట్టనివారిలో 49.0 శాతం, దాదాపు సమానంగానే ఉన్నాయి. పైగా రక్తస్రావం, కాలికి రక్తం ఆగిపోవడం పెరిగాయి. ఇంపెల్లా అనే చిన్న పంపు విషయంలో మాత్రం కబురు కొంత ఆశాజనకంగా ఉంది. దీన్ని తొడ ధమని గుండా ఎడమ జఠరికలోకి ఎక్కిస్తారు. డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్‌లలో జరిపి 2024లో ప్రచురించిన డేంజర్ షాక్ అధ్యయనంలో 180 రోజులకు మరణాలు ఇంపెల్లా పెట్టినవారిలో 45.8 శాతం, పెట్టనివారిలో 58.5 శాతం. అయితే గుండె ఆగి కోమాలోకి వెళ్లినవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు, డయాలిసిస్ అవసరం, తీవ్ర రక్తస్రావం ఇంపెల్లా పెట్టినవారిలోనే ఎక్కువ.

కాబట్టి యంత్రం పెడతామని చెప్పినప్పుడు, మా మనిషి ఆ అధ్యయనంలోని రోగుల లాంటివాడేనా, ఎన్ని రోజులు ఉంచుతారు, తీసేయడానికి ఏది గుర్తు, కాలికి రక్తం ఆడుతోందో లేదో ఎవరు గంటగంటకూ చూస్తారు అని అడగండి. ఇల్లు తాకట్టు పెట్టి ఎక్మో పెట్టించలేకపోయామన్న అపరాధభావం చాలా కుటుంబాలను ఏళ్ల తరబడి తొలుస్తుంది. షాక్‌లో ఉన్న అందరికీ అది ప్రాణం పోసే యంత్రమని ఆ పరీక్షలో తేలలేదని వారు తెలుసుకోవాలి.

బతికే అవకాశం ఎంత

ఈ ప్రశ్నకు తప్పించుకునే జవాబు చెప్పడం నాకిష్టం లేదు. నాళాన్ని తెరవగలిగినా, నెల రోజుల్లో పదిమందిలో నలుగురి నుంచి ఐదుగురి దాకా చనిపోతున్నారు. నాళాలను వెంటనే తెరిచే పద్ధతి రాకముందు ఏడెనిమిదిమంది చనిపోయేవారు. అందరి అవకాశమూ ఒకేలా ఉండదు. థీలే బృందమే ఆరు విషయాలతో ఒక లెక్క తయారుచేసింది: వయసు 73 దాటడం, ఇంతకుముందు పక్షవాతం వచ్చి ఉండటం, చేరినప్పుడు షుగర్ 191 దాటడం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5 దాటడం, లాక్టేట్ 5 దాటడం, స్టెంట్ వేశాక కూడా నాళంలో రక్తం పూర్తిగా పారకపోవడం. ఇవి ఒకటో అరో ఉన్నవారిలో నెల రోజుల మరణాలు నాలుగో వంతు దగ్గర, చాలావరకు ఉన్నవారిలో నాలుగింట మూడు వంతుల దగ్గర ఉన్నాయి. మీ రోగికి వీటిలో ఏవి ఉన్నాయో అడిగి తెలుసుకుంటే, వైద్యుడు చెప్పే మాటలు మీకు బాగా అర్థమవుతాయి. వయసు ఒక్కటే చూసి వద్దనుకోవడం సరికాదు. నిన్నటిదాకా తన పని తాను చేసుకున్న 80 ఏళ్ల మనిషి, ఏళ్లుగా మంచం పట్టిన 65 ఏళ్ల మనిషి కన్నా బాగా కోలుకోవచ్చు.

దారిలో గుండె ఆగి తిరిగి కొట్టుకున్నవారి విషయంలో మెదడు ఎంత దెబ్బతిన్నదన్నది వెంటనే తెలియదు. కనీసం 72 గంటలు గడిచాక, మత్తుమందుల ప్రభావం పోయాక చేసే పరీక్షలను బట్టే చెప్పాలి. మొదటి రాత్రే "బ్రెయిన్ పోయింది" అన్న మాట విని ఇంటికి తీసుకుపోకండి.

గట్టెక్కినవారి సంగతి చాలామంది అనుకునేదానికన్నా మెరుగ్గా ఉంటుంది. 1999 నాటి అధ్యయనంలో ఏడాది బతికినవారిలో 83 శాతం మంది రోజువారీ పనుల్లో ఆయాసం అసలు లేకుండానో, కొద్దిపాటిగానో ఉన్నారు.

ఇంటికి వచ్చాక

స్టెంట్ వేసినవారు రక్తం పలచబరిచే రెండు మాత్రలనూ సాధారణంగా ఏడాది పాటు, గుండె వైద్యుడు ఆపమనేదాకా మానకూడదు. పన్ను తీయించుకోవాలన్నా, చిన్న ఆపరేషన్ చేయించుకోవాలన్నా ముందు ఆయన్ను అడగాలి. షాక్ రోజుల్లో వద్దన్న బీటా బ్లాకర్లే ఇప్పుడు చిన్న మోతాదుతో మొదలై మెల్లగా పెరుగుతాయి. అప్పుడు ప్రమాదమన్నారు, ఇప్పుడెందుకిస్తున్నారని కంగారు పడవద్దు. ఆరు వారాల తర్వాత ఎకో తప్పకుండా చేయించాలి. అప్పటికీ గుండె పంపింగ్ 35 శాతమో, అంతకు తక్కువో ఉంటే, లయ తప్పినప్పుడు ఆదుకునే ఐసీడీ పరికరం గురించి వైద్యుడు మాట్లాడతారు. ఉప్పు రోజుకు ఒక చిన్న చెంచా మించకూడదు. కూరలో తగ్గించి ఆవకాయ, అప్పడం, వడియాలు మామూలుగా తింటే తగ్గించినట్టు కాదు.

రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో బరువు చూసుకుని రాయాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు, ఒంట్లో నిలిచిన నీరు. ఆయాసం మొదలయ్యేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయాలి. నేను మొదట చెప్పినావిడ పన్నెండో రోజున ఇంటికి వెళ్లింది. నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు పెద్దబ్బాయి పాల లెక్కల నోటు పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. ఒక పక్క లీటర్లు, రెండో పక్క అమ్మ బరువు, బీపీ రెండు అంకెలూ, నాడి. చివరి గడికి పైన అతనే ఒక శీర్షిక రాసుకున్నాడు: "గోరు – ఎన్ని సెకన్లు". ముప్పై వరసల్లోనూ రెండు దాటలేదు.